మన పొరుగూరి శాసనసభ్యుడు - కొండా లక్ష్మణ్ బాపూజీ



ఉగాది నాడు పంచాంగ శ్రవణము, పచ్చడి, పిల్లల పాటలు అయిన తరువాత ఒక ప్రసంగము పెట్టుట మన సంఘమునకు ఆనవాయితీ. ఈ ఏడు ఆ పని మాకు అప్పగించినారు. మేము పండితులము కాము. మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. మా తండ్రిగారు రైల్వే ఉద్యోగములో ఉండగానే కాలము చేసినారు. ఆ కారణముగా మాకు గుమాస్తా పని దొరికినది. టిక్కెట్లు ఇచ్చుచు, పార్సెలు లెక్కలు చూచుకొనుచు పిల్లలను సాకుకొనుచున్నాము. మా మాటలలో తప్పులుండిన పెద్దలు మన్నింతురుగాక.

ఏమి మాట్లాడవలెనని కార్యవర్గమును అడిగితిమి. "ఎవరైనా తెలుగు నాయకుని గురించి చెప్పండి, రాజకీయం మాత్రం వద్దు" అన్నారు. ఉప్పు వేయకుండ ఉగాది పచ్చడి కలుపుమన్నట్లున్నది ఈ మాట! మేము కొండా లక్ష్మణ్ బాపూజీగారి పేరు చెప్పగానే గదిలో కొంతసేపు నిశ్శబ్దము. ఒక పెద్దాయన "ఆయన మనవాడా?" అని అడిగినారు. ఇంకొకరు వెంటనే "మనవాడే. వాళ్ళవాడు కాదు" అన్నారు. ఈ "మన", "వాళ్ళ" అను రెండు మాటల కొరకే ఈ ప్రసంగము వ్రాసుకొని వచ్చినాము. దయచేసి తుదివరకు వినవలెను.

ముందు ఆయన ఊరు ఎక్కడున్నదో చెప్పెదము. బల్లార్షాలో దక్షిణము పోవు బండి ఎక్కితే వార్ధా నది వంతెన దాటగానే మాణిక్‌గఢ్ వచ్చును, ఆ పిమ్మట విరూర్. ఇంకను ముందుకు పోతే సిర్పూరు, కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ రోడ్. ఇది రైలు దారి. రోడ్డు మీద పోవువారు రాజురా మీదుగా ఆసిఫాబాదుకు పోదురు. ఆ రోడ్డు మీదనే వాంకిడి అను ఊరు కలదు. మనలో చాలామంది పెండ్లిళ్ళకు, తిరునాళ్ళకు పోవుచు ఆ ఊరిలో టీ తాగి బస్సెక్కినవారే. అక్కడ ఎవరు పుట్టినారో మాత్రము అడిగి ఎరుగము. 1915 సెప్టెంబరు 27వ తేదీన ఆ వాంకిడిలో, నేతపని చేసుకొను పద్మశాలి కుటుంబములో కొండా లక్ష్మణ్ జన్మించినారు. పసితనముననే తల్లి పోయినది. ఆ పిల్లవాడు చిన్ననాడు చదువుకొన్నది ఎక్కడో కాదు, మన రాజురాలో.

ఇక్కడ పిల్లలకు ఒక సంగతి చెప్పవలెను. ఆనాడు రాజురా మహారాష్ట్రలో లేదు. అది నైజాము రాజ్యములో ఆదిలాబాదు వైపు తాలూకా. నదికి ఈవలనున్న చాందా నాగపూరు రాజధానిగాగల వేరొక రాష్ట్రములోనిది. 1956 నవంబరు 1న రాష్ట్రములను భాషల ప్రకారము పంచినప్పుడు రాజురాను బొంబాయి రాష్ట్రమునకు ఇచ్చి నాందేడ్ జిల్లాలో కలిపినారు. 1959లో చాందా జిల్లాకు మార్చినారు. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడినది. తరువాత చాందా పేరు చంద్రపూర్ అయినది. అనగా రాజురాలో ఒక ముసలమ్మ తన గడప దాటకుండనే నైజామును, హైదరాబాదు రాష్ట్రమును, బొంబాయిని, మహారాష్ట్రను చూచినది. వాంకిడిలోని ఆమె చెల్లెలు కూడ కదలకుండనే నైజామును, హైదరాబాదు రాష్ట్రమును, ఆంధ్రప్రదేశ్‌ను, ఆమె మనుమరాండ్రు తెలంగాణను చూచినారు. జివతి వైపు కొండలలో కొన్ని ఊళ్ళవారు రెండు రాష్ట్రముల ఎన్నికలలోను ఓటు వేసినవారే. గీతలు మారుచుండును, మనుషులు ఉన్నచోటనే ఉందురు. ఇట్టి గీత అంచున పుట్టినవాడు గనుకనే బాపూజీగారికి రాష్ట్రమనగా ఏమి, మాట ఇచ్చుటయనగా ఏమి అను విషయము చిన్ననాటనే తెలిసియుండునని మా ఊహ.

ఆయన ఆసిఫాబాదులోను, పిమ్మట హైదరాబాదులోను చదివి, న్యాయశాస్త్రము పూర్తిచేసి, 1940లో వకీలు అయినారు. ఆంధ్రమహాసభ పనిలో దిగినారు. నైజాము పాలనకు ఎదురు నిలిచినవారి పక్షమున కోర్టులలో వాదించినారు. 1947 డిసెంబరు 4న హైదరాబాదులో నారాయణరావు పవార్ అను యువకుడు నిజాము నవాబు కారుపై బాంబు విసిరినాడు. నవాబుకు దెబ్బ తగలలేదు. ఆ కేసులో బాపూజీగారిని కూడ నిందితునిగా చేర్చినారు. ఆయన అజ్ఞాతములోనికి పోవలసి వచ్చినది. ఖద్దరు కట్టిన మనిషి బాంబు కేసులో ఉండుట ఏమని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమే. కాని రజాకార్ల కాలములో ఈ ప్రాంతపు ఊళ్ళు ఎట్లుండెనో మన తాతలను అడిగినవారికి ఆ కోపము ఎక్కడనుండి పుట్టినదో తెలియును.

1948 సెప్టెంబరులో నైజాము రాజ్యము భారతదేశములో కలిసినది. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చినవి. బాపూజీగారు కాంగ్రెసు అభ్యర్థిగా ఆసిఫాబాదు నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనారు. ఆ సభలో తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ మాట్లాడువారు కలిసి కూర్చుండిరి. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావుగారు. వాంకిడి నేతగాని కొడుకు ఆ సభలో కూర్చుండుట ఆనాటికి చిన్న సంగతి కాదు.

ఆయన సభలో కూర్చుండి ఊరుకొనలేదు. నేతపనివారిని సహకార సంఘములుగా కూర్చుటకు ఊరూర తిరిగినారు. దీని విలువ మగ్గమెరిగిన ఇండ్లకే తెలియును. షావుకారు నూలు అప్పిచ్చును. బట్ట నేసిన తరువాత తాను చెప్పిన ధరకే తీసుకొనును. అప్పు మాత్రము తరుగదు, మరల నూలు, మరల అప్పు. పదిమంది నేతగాండ్రు కలిసి సంఘము పెట్టుకొంటే నూలు సంఘము కొనును, బట్ట సంఘము అమ్మును, నడుమ షావుకారు ఉండడు. ఆలోచన ఇంతే. కాని ఒక్కొక్క ఊరిలో షావుకారుకు భయపడని పదిమందిని పోగుచేయుట ఎంత కష్టమో ఊహించండి.

మా తాతగారు కరీంనగరు వైపు నేతగాడు. నూలు అప్పు తీరక మగ్గమమ్మి, భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకొని ఇక్కడి బొగ్గు గనికి వచ్చినాడు. గనిలో దిగిన మొదటి దినమున చీకటికి భయపడి ఏడ్చినాడట. "మా ఊళ్ళె సంఘం ముందుగాల వచ్చుంటే మగ్గం అమ్ముకుందునా" అని నాయనమ్మతో అనేవాడట. మా ఇంటిలో బాపూజీగారి పేరు మొదట వినబడినది ఈ మాట వెంటనే. అందువలన మాకు ఆయన పుస్తకములోని నాయకుడు కాడు. మా తాతకు కొంత ఆలస్యముగా అందిన సహాయము.

1957లో ఆయన నల్లగొండ జిల్లా చినకొండూరు నుండి గెలిచినారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. ఆయన శాసనసభకు డిప్యూటీ స్పీకరు అయినారు. దామోదరం సంజీవయ్యగారు 1960లో ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయన మంత్రివర్గములో చేరినారు. 1962లో అదే చినకొండూరు ప్రజలు ఆయనను ఓడించినారు. 1965 ఉపఎన్నికలో మరల గెలిపించినారు. 1967లో భువనగిరి నుండి ఎన్నికై కాసు బ్రహ్మానందరెడ్డిగారి మంత్రివర్గములో మంత్రి అయినారు. ఇంతవరకు చూచిన ఇది ఒక సాధారణ రాజకీయ జీవితమే. ఎన్నిక, పదవి, ఓటమి, మరల పదవి. ఇంతటితో ఆగినచో మేము ఈ వేదిక ఎక్కి ఆయన పేరు ఎత్తవలసిన పని లేదు.

ఇక 1969. 1956లో ఆంధ్ర, తెలంగాణములను కలుపునప్పుడు ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందమని ఒకటి జరిగినది. తెలంగాణ ఉద్యోగములు, చదువులు, మిగులు ఆదాయము ఆ ప్రాంతమునకే ఉండవలెనని అందులో మాట ఇచ్చుకొన్నారు. మా కౌంటరు భాషలో చెప్పవలెనంటే అది కన్‌ఫర్మ్ అని అచ్చువేసి ఇచ్చిన టిక్కెట్టు. పదమూడేండ్లు గడిచినను తాము వెయిటింగ్ లిస్టులోనే ఉన్నామని అక్కడి చదువుకొన్న పిల్లలు అనుకొన్నారు. 1969 జనవరిలో పాల్వంచ, ఖమ్మముల వైపు లేచిన గొడవ తెలంగాణమంతట అంటుకొన్నది. కాల్పులలో వందల మంది చనిపోయినారు. ఎక్కువమంది విద్యార్థులు.

అప్పుడు బాపూజీగారు మంత్రి. కారు ఉన్నది, బంగళా ఉన్నది, బంట్రోతు ఉన్నాడు. 1969 మార్చిలో ఆయన మంత్రిపదవికి రాజీనామా ఇచ్చినారు. తెలంగాణ రాష్ట్రము రావలెనని ప్రజలతో కలిసినారు.

ఆ రాజీనామా సరియైనదా కాదా అని మేము ఇక్కడ తీర్పు చెప్పబోము. మన సంఘములో గుంటూరువారున్నారు, కృష్ణావారున్నారు, శ్రీకాకుళము నుండి వచ్చినవారున్నారు, కరీంనగరు, వరంగల్లు, ఆదిలాబాదువారున్నారు. రాష్ట్రము ఒకటిగా ఉండవలెనని మనసారా కోరినవారు దుర్మార్గులు కారు, విడిపోవలెనని కోరినవారు ద్రోహులు కారు. మేము చెప్పదలచినది వేరొక సంగతి. తాను నమ్మినదానికి ధర ఎవరు చెల్లించినారు అన్నది చూడవలెను. చాలమంది నాయకులు నమ్మకము తమదిగాను, ధర ప్రజలదిగాను ఏర్పాటు చేసుకొందురు. బాపూజీగారు తన నమ్మకమునకు తానే చెల్లించినారు.

ఆ ఉద్యమము చల్లారినది. 1971లో తెలంగాణ ప్రజాసమితి పార్లమెంటు ఎన్నికలలో పది స్థానములు గెలిచినది, ఆ సంవత్సరమే కాంగ్రెసులో కలిసిపోయినది. ఉద్యమములో ముందు నడిచిన మర్రి చెన్నారెడ్డిగారు 1978లో ఉమ్మడి రాష్ట్రమునకే ముఖ్యమంత్రి అయినారు. కాలముతో మారుట రాజకీయములలో తప్పు కాదందురు. బాపూజీగారు 1972లో భువనగిరి నుండి మరల గెలిచి శాసనసభలో కూర్చుండిరి. మంత్రిపదవి మాత్రము మరల చేపట్టలేదు. 1969 నాడు ఆయన వయస్సు యాభైమూడు. ఆ తరువాత నలభైమూడు ఏండ్లు బ్రతికినారు. ఆ నలభైమూడు ఏండ్లును మంత్రి కుర్చీ లేకుండనే గడచినవి. కాని పని ఆగలేదు. నేతగాండ్రు, వెనుకబడిన కులములవారు, తెలంగాణ కోరువారు ఎప్పుడు పోయినను ఆయన ఇంటి తలుపు తెరచియే ఉండెడిది.

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఆయన ఇంటి పేరు జలదృశ్యము. 2001 ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టినది ఆ ఇంటిలోనే. 2002లో ఆ ఇంటిని కూల్చివేసినారు. అప్పటికి ఆయనకు ఎనభైయారు దాటినవి. ఆ వయస్సులో ఇల్లు పోయిన మనిషి కోర్టులచుట్టు తిరిగి కాలము గడపవచ్చును, లేక మంచము పట్టవచ్చును. ఆయన తొంభైయైదు దాటిన తరువాత ఢిల్లీ పోయి జంతర్ మంతర్ దగ్గర సత్యాగ్రహమునకు కూర్చుండినారు.

2012 సెప్టెంబరు 21న ఆయన కన్నుమూసినారు. ఇంకొక ఆరు దినములు ఉండినచో తొంభైయేడు నిండియుండెడివి. తెలంగాణ రాష్ట్రము 2014 జూన్ 2న వచ్చినది. ఇరవై నెలల దూరములో ఆయన చూడలేక పోయినారు. ఆ తరువాత తెలంగాణలోని ఉద్యాన విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టినారు. పేరు పెట్టుట మంచిదే. కాని పేరు పెట్టించుకొనుటకు ఆయన రాజీనామా ఇవ్వలేదు గదా.

ఇప్పుడు మన సంగతికి వచ్చెదము. 2014 ఉగాది మనలో చాలమందికి జ్ఞాపకమున్నది. రాష్ట్ర విభజన బిల్లు పార్లమెంటులో అప్పుడే ఆమోదము పొందినది. ఆ ఏడు ఈ ఊరిలో మన తెలుగువారు రెండు చోట్ల పంచాంగ శ్రవణము చేసినారు. ఇరవై ఏండ్లు ఒకరి ఇంట ఒకరు భోజనము చేసినవారు రోడ్డు మీద ఎదురైన మొగము తిప్పుకొన్నారు. మేము కూడ తిప్పుకొన్నవారిలోనివారమే, దాచుటెందుకు? ఆనాడు గుంటూరు నుండి వచ్చిన ఒక పెద్దమ్మ ఒకే కుండలో పచ్చడి కలిపి రెండు చోట్లకు తెచ్చినది. మా ముందు గిన్నె పెట్టి "ఏం నాయనా, రాష్ట్రాలు రెండైతే చింతపండు కూడా రెండవుతుందా? తిను" అన్నది. తలవంచుకొని తిన్నాము. ఆ పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఈ వేదిక మీద బాపూజీగారి పేరు చెప్పుటకు మాకు ధైర్యము వచ్చినది ఆమె పచ్చడి వలననే.

మనవాడా, వాళ్ళవాడా అని అడిగిన పెద్దాయనకు ఇప్పుడు జవాబు చెప్పెదము. అయ్యా, ఆయన నేటి మహారాష్ట్రలోని రాజురాలో చదివినాడు, నేటి తెలంగాణలోని వాంకిడిలో పుట్టినాడు, ఆంధ్రప్రదేశ్ శాసనసభలో డిప్యూటీ స్పీకరుగా కూర్చుండి, కోస్తావారిని, రాయలసీమవారిని, తెలంగాణవారిని వరుసగా మాట్లాడనిచ్చినాడు. రాయలసీమ బిడ్డ సంజీవయ్యగారి కొలువులో పనిచేసినాడు. ఆయన రాష్ట్రము వేరు కావలెనన్నాడు. తెలుగు వేరు కావలెననలేదు. మనము ఇక్కడ చంద్రపూర్‌లో ఉన్నాము. మన ఓటు ఇక్కడ, మన గుడి ఇక్కడి మహాకాళి గుడి, మన పిల్లల బడి మరాఠీలో. మన ఇరుగుపొరుగు ఈ దినమే గుడీ ఎత్తి పాడ్వా చేసుకొనుచున్నారు. వారికి మనమందరము ఒకటే, తెలుగువారము. మనకే రెండుగా కనబడుచున్నాము.

రెండు విన్నపములు చేసి ముగించెదము.

మొదటిది. ఎన్నికల వేళ మన వాడకు అభ్యర్థులు వచ్చుచున్నారు. మనము సంఘభవనము అడుగుదుము, వారు సరేనందురు. ఇకమీదట భవనముతోబాటు ఇంకొకటి అడుగవలెను. "పోయినసారి ఇచ్చిన మాట ఏమైనది? అది జరుగకపోతే మీరు ఏమి వదులుకొన్నారు?" అని అడుగవలెను. ఏ పార్టీవారినైనను ఇదే అడుగవలెను. వాంకిడి నేతగాని కొడుకు చేసి చూపినాడు గనుక ఇది చేయరాని పని అని ఎవరును చెప్పలేరు.

రెండవది మనకే. నిరుడు మన సంఘములో కోశాధికారి పదవికి రెండు గంటలు వాదించుకొన్నాము. ఆ పెట్టెలో ఉన్న పైకము ఎంతో అందరికిని తెలుసు! అదే సమావేశములో పిల్లలకు ఆదివారము తెలుగు నేర్పవలెనని తీర్మానము చేసినాము. ఏడాది గడిచినది. పాఠము మొదలు కాలేదు. ఆ పనికి పదవి లేదు, అందువలన మనిషియు దొరకలేదు. మా పెద్దమ్మాయి తన పేరును తెలుగులో వ్రాయలేదు. ఊరిలోని అమ్మమ్మకు చిట్టీ వ్రాయుమంటే నాగరి లిపిలో వ్రాసి ఇచ్చినది. అమ్మమ్మ ఆ కాగితమును చదువలేక దేవుని పటము ముందు పెట్టుకొన్నదట. ఆ సంగతి విన్ననాటినుండి మాకు సరిగా నిద్ర పట్టలేదు.

అందువలన వచ్చే ఆదివారము నుండి, డ్యూటీ లేని ప్రతి ఆదివారము ఉదయము రెండు గంటలు ఓనమాలు నేర్పుటకు మేము సిద్ధము. మా చదువు చిన్నది, కాని అక్షరములకు చాలును. డ్యూటీ ఉన్న ఆదివారములకు ఇంకొకరు ముందుకు రావలెను. గుంటూరువారు వచ్చినను సరే, వరంగల్లువారు వచ్చినను సరే. పదవి ఏమియు లేదని ముందే చెప్పుచున్నాము. ఈ సెప్టెంబరు 27వ తేదీకి పిల్లలు తమ పేర్లు తాము వ్రాయగలిగితే, వారిని బస్సులో వాంకిడి తీసుకొనిపోయి, "ఈ ఊరి పిల్లవాడు మన రాజురాలో చదువుకొని అంతవాడు అయినాడు" అని చూపించెదము. ఆ దినమున అక్కడ టీ తాగి బస్సెక్కుటతో సరిపెట్టము.

 ఈ నూతన సంవత్సరము మీ ఇండ్లలో ఆరు రుచులను సమానముగా పంచుగాక. చేదు వచ్చిననాడు ఒకరి గుమ్మము ఒకరు తొక్కుదుముగాక.

అందరికిని ఉగాది శుభాకాంక్షలు. జై హింద్.